తనను తానే వాటాలుగా అమ్ముకునే ఆటగాడు: ధర ఎంత, ధర్మం ఎంత?

పోకర్ వాటా, ఒక శాతం: ముఖవిలువ 100 డాలర్లు, అడిగే ధర 120. ప్రవేశ రుసుము 10,000 డాలర్లు గల పేకాట పోటీకి అమెరికాలో ఇటువంటి ధర అడగడమూ, ఆ ధరకు కొనేవారు దొరకడమూ ఇప్పుడు వింత కాదు. కొన్నవాని చేతికి సరుకు రాదు. చాలా సందర్భాల్లో పత్రం కూడా రాదు. ఆటగాడు గెలిస్తే బహుమతిలో నూటికి ఒక వంతు ఇస్తాననే మాట మాత్రం వస్తుంది.

సరుకుల వ్యాపారంలో ఉన్నవారికి ఈ బేరం పాఠంగా పనికివస్తుంది. మిర్చి అమ్మే రైతు వేరు, మిర్చి వేరు. బస్తా విప్పి చూడవచ్చు, తేమ పట్టి చూడవచ్చు, కాటా వేయవచ్చు, నచ్చకపోతే బేరం విరమించుకోవచ్చు. పోకర్ వాటాలో అమ్మేవాడే సరుకు. డబ్బు చెల్లించిన తరువాతే సరుకు తయారవుతుంది. తయారయ్యే వేళ కొన్నవాడు దగ్గర ఉండడు, ఉన్నా నోరెత్తడానికి వీలుండదు. కనుక మామూలు వ్యాపారంలో కాటా, మచ్చు, మార్కెట్ కమిటీ చూసుకునే పనులన్నీ ఇక్కడ అమ్మేవాని నిజాయితీ మీద పడతాయి.

పోటీ తీరు తెలియనివారికి నాలుగు మాటలు. ప్రవేశించే ప్రతివాడూ ఒకే రుసుము చెల్లించి, ఒకే లెక్కలో బిళ్లలు తీసుకుంటాడు. బిళ్లలన్నీ పోగొట్టుకున్నవాడు లేచిపోవాలి. చివరిదాకా నిలిచినవారికి వరుస క్రమంలో బహుమతులు ఇస్తారు. లాస్ వేగాస్‌లో 1970లో మొదలైన ‘వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్’ వీటిలో పెద్దది. దాని ప్రధాన పోటీకి 1972 నుంచి ప్రవేశ రుసుము 10,000 డాలర్లుగానే ఉన్నది. 2023లో ఆ పోటీకి 10,043 మంది వచ్చారు. బహుమతి దక్కినవారు 1,507 మంది. మిగిలిన 8,536 మంది 10,000 డాలర్ల చొప్పున వదులుకుని ఇంటిదారి పట్టారు. మొదటి బహుమతి 1 కోటి 21 లక్షల డాలర్లు. అట్టడుగు బహుమతి 15,000.

ఈ అంకెలు చూస్తే ఆటగాడు వాటాలు ఎందుకు అమ్ముతాడో వేరే చెప్పనక్కర లేదు. ఎంత నేర్పరి అయినా వరుసగా ఇరవై ముప్ఫై పోటీల నుంచి వట్టి చేతులతో లేచి రావచ్చు. చేతిలో లక్ష డాలర్లు ఉన్నవాడు ఒక్కొక్క పోటీకి పదివేలు పెడుతూ పోతే, నేర్పు బయటపడే లోపలే మూలధనం హరించుకుపోతుంది. అందుకని నష్టాన్ని నలుగురికి పంచి, లాభాన్నీ నలుగురికి పంచుతాడు. పంట ఇంటికి రాకముందే కొంత భాగానికి ధర ఖాయం చేసుకునే రైతు చేసే పని కూడా ఇదే. ఇంతవరకు తప్పు పట్టవలసింది ఏమీ లేదు.

ప్రీమియం న్యాయమేనా?

చిక్కు ధర దగ్గర మొదలవుతుంది. 100 డాలర్ల వాటాను 120కి అమ్మితే ఆ 20 దేనికి? ఆటగాళ్లు దీన్ని మార్కప్ అంటారు. షేర్ల బజారు భాషలో ప్రీమియం. ఆటగాని వాదన ఇది: “నా నేర్పు వల్ల నూరు డాలర్లు దీర్ఘకాలంలో నూటయాభై అవుతాయి. శ్రమ నాది, ప్రయాణం నాది, పన్నెండు గంటలు కూర్చునేది నేను. ముఖవిలువకే ఇస్తే నా నేర్పును ఉచితంగా పంచినట్టు కాదా?” వాదనలో బలం ఉన్నది. కానీ ఆ నూటయాభై అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ప్రశ్న.

లెక్క వేసి చూడవచ్చు. ప్రవేశ రుసుము 1,000 డాలర్లు అనుకుందాం. అందులో 100 నిర్వాహకులు తీసుకుని 900 బహుమతి నిధిలో వేస్తారనుకుందాం. అంటే సగటు ఆటగాడు వెయ్యి పెట్టి దీర్ఘకాలంలో 900 మాత్రమే తిరిగి పొందుతాడు. అతని వాటాను ముఖవిలువకు కొన్నా నష్టమే. ఇప్పుడు ఒకడు 1.2 రెట్ల ధర అడిగితే, కొన్నవానికి అసలు రావాలంటే ఆటగాడు సగటున 1,200 తేవాలి. సగటు ఆటగాడు తెచ్చే 900 కంటే ఇది మూడోవంతు అధికం. అప్పటికి కొన్నవానికి మిగిలే లాభం సున్నా. ఆటగాడు నిజంగా 1,200 తెచ్చేవాడే అయితే, 1.2 రెట్లకు అమ్మి తన నేర్పు ఫలమంతా ముందే జేబులో వేసుకున్నాడన్న మాట. కొన్నవానికి మిగిలింది ఆపద ఒక్కటే. 1.1 రెట్లకు అమ్మితే ఫలం చెరి సగమవుతుంది.

ఇంకొక మెలిక ఉన్నది. అదే 1.2 రెట్ల ధరకు 84 శాతం అమ్మితే ఆటగానికి 1,008 డాలర్లు వసూలవుతాయి. రుసుము 1,000 కట్టి, 8 డాలర్లు మిగుల్చుకుని, 16 శాతం వాటా ఉచితంగా ఉంచుకుంటాడు. ఓడినా అతనికి పైసా నష్టం లేదు. ఇది నేరం కాదు. అయితే కొన్నవారికి ఈ సంగతి తెలియాలి. సొంత సొమ్ము ఒక్క డాలరు కూడా లేనివాడు రాత్రి పదకొండు గంటల వేళ అలసిపోయినప్పుడు ఎంత జాగ్రత్తగా ఆడతాడన్నది కొన్నవారు బేరీజు వేసుకోవలసిన విషయం. ‘మొత్తం మీద ఎంత అమ్మారు, మీది ఎంత?’ అని అడిగితే చిరాకుపడే ఆటగాని దగ్గర కొనకపోవడమే మేలు.

ప్రీమియం ఎక్కువ కావడమే అధర్మమని చెప్పడానికి వీల్లేదు. ఇందుకు 1997 నాటి ఉదంతం ఉన్నది. స్టూ ఉంగర్ 1980, 1981 సంవత్సరాల్లో ప్రధాన పోటీ గెలిచిన అసాధారణ ఆటగాడు. 1997 నాటికి మాదకద్రవ్యాల పాలై, చేతిలో చిల్లిగవ్వ లేక తిరుగుతున్నాడు. పోటీ మొదలయ్యే చివరి ఘడియల్లో బిల్లీ బాక్స్టర్ అనే మరో ఆటగాడు అతని తరఫున 10,000 డాలర్లు కట్టాడు. ఒప్పందం సగం సగం. 312 మందిలో ఉంగర్ మొదటివాడుగా నిలిచి 10 లక్షల డాలర్లు గెలిచాడు. చెరి 5 లక్షలు పంచుకున్నారు.

వాటా లెక్కలో చూస్తే, 5,000 ముఖవిలువ గల సగం వాటాకు బాక్స్టర్ 10,000 చెల్లించాడు. అంటే రెండు రెట్ల ధర. నేటి ఆటగాడు ఎవరైనా ఆ ధర బాహాటంగా అడిగితే నవ్వుతారు. అయినా ఆ బేరంలో ఎవరూ మోసపోలేదు. బాక్స్టర్ స్వయంగా ఆటలో తలపండినవాడు. ఉంగర్ నేర్పు ఎంతో, అతని వ్యసనం ఎంతో రెండూ ఎరిగి ధర కట్టాడు. అదే 1.2 రెట్లను ఆట తెలియని మేనమామ దగ్గరో, చిన్ననాటి స్నేహితుని దగ్గరో వసూలు చేస్తే సంగతి వేరు. వారు నేర్పు చూసి కొనడం లేదు, మొహమాటానికి కొంటున్నారు. వాత్సల్యం మీద ప్రీమియం వేయడాన్ని బజారు ధర అనలేము. పలువురు ఆటగాళ్లు బంధుమిత్రులకు ముఖవిలువకే వాటా ఇవ్వడం పాటిస్తారు. ఇది మెచ్చుకోదగిన అలవాటు.

మచ్చు పైన మంచి కాయ

బస్తా నోటి దగ్గర ఎర్రని కాయలు పేర్చి, అడుగున తాలు నింపే విద్య ప్రతి యార్డుకూ తెలిసినదే. పోకర్ వాటాల బజారులో ఆ విద్య అంకెల రూపంలో నడుస్తుంది. ఏ ఆటగాడు ఎక్కడ ఎంత బహుమతి గెలిచాడో చూపే జాబితాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. అవి గెలుపులనే నమోదు చేస్తాయి. కట్టిన రుసుములు, ఓడిన పోటీలు అందులో ఉండవు. ‘జీవితకాలంలో 8 లక్షల డాలర్ల బహుమతులు’ అని ప్రకటించినవాడు రుసుముల కింద 9 లక్షలు కట్టి ఉండవచ్చు. అంకె అబద్ధం కాదు. కానీ రాబడి చూపి ఖర్చు దాచిన పద్దును ఏ వర్తకుడూ పద్దుగా ఒప్పుకోడు.

కనుక వాటా అమ్మేవాడు చూపవలసింది నికర లెక్క. ఎన్ని పోటీలు ఆడాడు, ఎంత కట్టాడు, ఎంత వచ్చింది. మొత్తం గెలుపులో ఎంత భాగం ఒక్క పెద్ద బహుమతి వల్ల వచ్చిందో కూడా చెప్పాలి. ఒకే ఒక్క మంచి రోజు తీసివేస్తే మిగిలేది నష్టమే అయితే, 1.2 రెట్లు అడగడానికి ఆధారం బలహీనం. నిజం చెప్పాలంటే, ఏడాదికి యాభై అరవై పోటీలు ఆడేవాని అసలు నేర్పు అయిదారేళ్ల లెక్కలోనూ పూర్తిగా తేలదు. అదృష్టం పాలు అంత పెద్దది. ఈ సంగతి అమ్మేవాడే ముందుగా ఒప్పుకుంటే అతని మీద నమ్మకం తగ్గదు, పెరుగుతుంది.

సరుకు పాడైనప్పుడు చెప్పడం కూడా మచ్చులో భాగమే. ఉంగర్ గురించి ఇంకొక మాట. 1998లోనూ బాక్స్టర్ అతన్ని నిలబెట్టడానికి ముందుకు వచ్చాడు. పోటీ మొదలయ్యే ముందు ఉంగర్ తనకు ఓపిక లేదని, ఆడలేనని బాక్స్టర్‌కు తెలియజేశాడు. ముందటి సంవత్సరపు విజేత కుర్చీలోకి రానేలేదు. అదే ఏడాది నవంబరులో మరణించాడు. అతని జీవితంలో తప్పుపట్టవలసినవి చాలా ఉండవచ్చు గానీ, ఈ ఒక్క విషయంలో అతను చేసింది సరైన పని. కూర్చుని పదివేలు కాల్చివేసే అవకాశం ఉండి కూడా, తూకానికి ముందే సరుకు బాగాలేదని చెప్పాడు. జ్వరంతోనో, నిద్రలేకనో, తాగి ఉండో ఇతరుల సొమ్ముతో బల్ల ముందు కూర్చునేవారు ఆ మాత్రం కూడా చేయడం లేదు.

నూటికి నూటయాభై అమ్మితే

అన్నింటికంటె ప్రమాదకరమైనది పరిమితి మించిన అమ్మకం. 10,000 డాలర్ల పోటీకి ఒకడు ముఖవిలువకే, వేర్వేరు ఊళ్లలో వేర్వేరు వ్యక్తులకు, మొత్తం 150 శాతం అమ్మాడనుకుందాం. చేతికి 15,000 వచ్చాయి. రుసుము పోను 5,000 మిగులు. ఓడిపోతే ఆ 5,000 అతనివే, అడిగేవాడు లేడు. ‘ఓడిపోయాను’ అన్న ఒక్క కబురుతో లెక్క ముగుస్తుంది. గెలిస్తేనే చిక్కు. లక్ష డాలర్లు గెలిస్తే లక్షా యాభైవేలు పంచవలసి ఉంటుంది.

అంటే అమ్మినవానికి ఓటమి లాభం, గెలుపు నష్టం. కొన్నవారి కోరికకూ అమ్మినవాని కోరికకూ పూర్తిగా ఎదురు. దొంగ తూకం కొన్నవానికి కొంత తగ్గిస్తుంది, అంతే. ఇక్కడ సరుకు తయారుచేసేవానికే సరుకు పాడుకావాలని ఉంటుంది. ఒకే గోదాము రశీదును రెండు బ్యాంకుల్లో కుదువపెట్టినవాడు కూడా గోదాము తగలబడాలని కోరుకోడు. 1967లో మెల్ బ్రూక్స్ తీసిన ‘ది ప్రొడ్యూసర్స్’ అనే హాలీవుడ్ హాస్యచిత్రం ఇదే ఇతివృత్తం మీద నడిచింది. నాటకానికి లేనిపోని వాటాలు అమ్మి, అది తప్పక దెబ్బతినాలని ఆశించి, నాటకం విజయవంతం కావడంతో ఇరుక్కుపోయిన ఇద్దరి కథ అది. చిత్రంలో నవ్వు వచ్చింది, బజారులో రాదు.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. కొన్న ప్రతివానికీ మిగతా వాటాదారుల జాబితా, శాతాలు చూపడం చాలు. మొత్తం నూరుకు సరిపోయిందా లేదా అని ఎవరైనా కూడి చూసుకోగలరు. పేర్లు బయటపెట్టడం ఇష్టంలేనివారి శాతాలైనా చూపాలి. ఒక పోటీలో ఓడి మళ్లీ రుసుము కట్టి ప్రవేశించే వీలు ఉన్నప్పుడు, మొదటి ప్రవేశానికి మాత్రమే వాటానా, రెండోదానికి కూడానా అన్నది కూడా ఆటకు ముందే తేలాలి. రెండో ప్రవేశంలో గెలిచి ‘మీది మొదటిదే’ అనడం, రెండోదీ ఓడి ‘మీ వంతు మళ్లీ ఇవ్వండి’ అనడం రెండూ వినబడుతున్న ఫిర్యాదులే.

ఇక పోటీ పోటీకి వాటా అమ్మడం కాక, ఒక ధనికుడు నెలలు, సంవత్సరాల తరబడి ఆటగాని రుసుములన్నీ కట్టే పద్ధతి ఉన్నది. నష్టాలు ఆటగాని పేర బాకీగా రాసుకుంటారు. గెలుపులో మొదట ఆ బాకీ తీరాలి, మిగిలినదే సగం సగం. అడితిదారు పెట్టుబడి ఇచ్చి, పంట తన కొట్టుకే రావాలనే పద్ధతిని ఎరిగినవారికి దీని లోపం వెంటనే తెలుస్తుంది. బాకీ లక్ష దాటిన ఆటగాడు యాభైవేలు గెలిచినా తనకు దక్కేది సున్నా. అతనికి శ్రద్ధ సడలుతుంది, లేదా ఒక్కసారిగా బయటపడాలని తెగించి ఆడతాడు, లేదా బాకీ చెప్పకుండా మరొకని దగ్గర చేరతాడు. చివరిది నిస్సందేహంగా ద్రోహం. అయితే తీరే ఆశ లేనంత బాకీని ఏళ్ల తరబడి మోయించే ధనికునిది కూడా మంచి వ్యాపారం కాదు. మధ్యలో ఒక చోట కొంత కొట్టివేసి కొత్త పద్దు తెరవడం ఉభయులకూ మేలు.

మూడోవాని గోడు

ఇంతవరకు చెప్పినవి అమ్మినవానికీ కొన్నవానికీ మధ్య సంగతులు. బల్ల ముందు కూర్చున్న ఇతరుల మాట కూడా ఉన్నది. ఆటగాళ్లు తమలో తాము వాటాలు మార్చుకోవడం మామూలు. నీలో అయిదు శాతం నాకు, నాలో అయిదు శాతం నీకు. ఇద్దరూ దూరపు బల్లల దగ్గర ఉన్నంతవరకు ఇది ఎవరికీ హాని కాదు. చివరి బల్ల దగ్గర ఇద్దరూ ఎదురుపడితే, ఒకరినొకరు గట్టిగా కొట్టుకోకుండా మూడోవాని మీద పడే ఆకర్షణ కలుగుతుంది. ఒకే ధనికుడు ముగ్గురిని నిలబెట్టినప్పుడు ఆ ఆకర్షణ మరింత. వేలంలో ఇద్దరు వ్యాపారులు లోపాయికారీగా కూడబలుక్కుంటే రైతుకు ధర పడిపోవడం వంటిదే ఇది. కుమ్మక్కు ఆటను పోటీల నియమాలు నిషేధించాయి. కానీ మెత్తగా ఆడడాన్ని రుజువు చేయడం కష్టం. తమ మధ్య వాటా ఉన్న సంగతి అదే బల్ల దగ్గర ఉన్నవారికి చెప్పివేయడం ఉత్తమం. చెప్పేవారు తక్కువ.

నోటిమాట విలువ 60 లక్షలు

2006లో ప్రధాన పోటీని జేమీ గోల్డ్ గెలిచాడు. 8,773 మందిలో మొదటివాడు. బహుమతి 1 కోటి 20 లక్షల డాలర్లు. అందులో సగం తనకు రావాలని క్రిస్పిన్ లైసర్ అనే వ్యక్తి కోర్టుకు వెళ్లాడు. ఒక ఆన్‌లైన్ జూద సంస్థ గోల్డ్‌కు పోటీ ప్రవేశం ఇచ్చింది. బదులుగా ఆ సంస్థ తరఫున ఆడేందుకు ప్రముఖులను సమకూర్చాలి. ఆ పనిలో సాయపడినందుకు బహుమతిలో సగం ఇస్తానని గోల్డ్ మాట ఇచ్చాడని లైసర్ వాదన. పత్రం లేదు. ఉన్నదల్లా టెలిఫోనులో గోల్డ్ వదిలిన సందేశపు రికార్డు. అందులో సగం సంగతి, పన్ను పోను అనే సంగతి కూడా వచ్చాయి. వివాదం తేలేవరకు 60 లక్షల డాలర్లు కదపరాదని కోర్టు నిలిపివేసింది. 2007 ఫిబ్రవరిలో ఉభయులూ రాజీపడ్డారు. షరతులు బయటకు రాలేదు.

ఆడే ముందు ఆ ‘సగం’ విలువ ఇద్దరి దృష్టిలోనూ బహుశా ఏమీ కాదు. ఎనిమిది వేల మందిలో మొదటివాడు అవుతానని ఎవరు అనుకుంటారు? వాటా ఒప్పందాలు నోటిమాటగా మిగిలిపోవడానికి కారణం నమ్మకం కంటె ఈ నిర్లక్ష్యమే ఎక్కువ. ఎవరు, ఏ పోటీ, ఎంత శాతం, ఏ ధర, పన్నుకు ముందా తరువాతా, ఎన్ని రోజుల్లో చెల్లింపు అనే ఆరు విషయాలు ఒక కాగితం మీద రాసుకోవడానికి అయిదు నిమిషాలు పట్టదు.

పన్ను మాట చిన్నది కాదు. అమెరికాలో బహుమతి ఎవరి పేర చెల్లిస్తే వారి పేరనే ఆదాయం నమోదవుతుంది. వాటాదారుల పేర్లు, భాగాలు తెలిపేందుకు అక్కడి ఆదాయపు పన్ను శాఖ 5754 నంబరు ఫారం ఏర్పాటు చేసింది. అది నింపి ఇవ్వకపోతే మొత్తం పన్ను భారం గెలిచినవాని నెత్తిన పడుతుంది. భారతీయుడు అక్కడ గెలిస్తే చెల్లింపు దగ్గరే 30 శాతం పట్టి ఉంచుతారు. లక్ష గెలిచినవాని చేతికి వచ్చేది 70,000. పది శాతం వాటాదారుకు ఇవ్వవలసింది 10,000నా, 7,000నా అన్నది గెలిచిన తరువాత తేల్చుకోదగిన ప్రశ్న కాదు.

కోర్టులు ఏమంటాయి

1946లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఫ్లోరిడా బత్తాయి తోటల వివాదం వచ్చింది. హోవీ అనే కంపెనీ తోటలో ముక్కలు అమ్మి, సాగు, అమ్మకం తానే చూసుకుని లాభం పంచేది. భూమి అమ్మకమని కంపెనీ అన్నది. ఉమ్మడి వ్యాపారంలో డబ్బు పెట్టి, ఇతరుల కృషి వల్ల లాభం ఆశించేది ఏదైనా పెట్టుబడి ఒప్పందమేనని, షేర్లకు వర్తించే చట్టం దానికీ వర్తిస్తుందని కోర్టు తేల్చింది. పోకర్ వాటాను ఆ కొలబద్ద పక్కన పెట్టి చూస్తే ఆలోచించవలసిందే. నలుగురు స్నేహితులకు అమ్మడం ఒకటి, ఊరూపేరూ తెలియని వందమందికి ప్రకటించి అమ్మడం మరొకటి.

మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు. కోర్టు ద్వారా వసూలు కాదు. అయితే పందెంలో భాగస్వాముల మధ్య లెక్క వేరు. ధరల హెచ్చుతగ్గుల మీద హాపూర్ వర్తకులతో పందెపు లావాదేవీలు నడపడానికి రెండు కుటుంబాలు కలిశాయి. లాభనష్టాలు సమానం. నష్టం వచ్చింది. లావాదేవీలు నడిపిన పక్షం హాపూర్ వారికి మొత్తం చెల్లించి, సగం ఇమ్మని రెండో పక్షాన్ని అడిగింది. వారు కాదన్నారు. 1959లో గేరూలాల్ పారఖ్ కేసుగా ఇది సుప్రీంకోర్టులో తేలింది. తీర్పు రాసినవారు రాజమండ్రిలో పుట్టి తరువాత ప్రధాన న్యాయమూర్తి అయిన జస్టిస్ కోకా సుబ్బారావు. పందెం చెల్లదు గానీ చట్టవిరుద్ధం కాదని, దాని కోసం పెట్టుకున్న భాగస్వామ్యం చెల్లుతుందని, సగం నష్టం ఇవ్వవలసిందేనని తేల్చారు. పూర్వపు బొంబాయి చట్టం అమలైన ప్రాంతంలో మాత్రం అటువంటి అనుబంధ ఒప్పందాలూ చెల్లవని గుర్తుంచుకోవాలి.

ఆట ఆడడమే చట్టం నిషేధించిన చోట ఈ తీర్పు ఆదుకోదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు సవరించి డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025లో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. అటువంటి ఆటలో వాటా కొన్నానని కోర్టు మెట్లెక్కేవాడు తన తప్పు తానే రాసి ఇచ్చినట్టవుతుంది.

కొన్నవాని ధర్మం

అమ్మేవాని తప్పులే ఇంతవరకు చెప్పుకున్నా, కొనేవారూ కడిగిన ముత్యాలు కారు. ‘నాకు అయిదు శాతం రాసుకో, డబ్బు తరువాత పంపుతాను’ అనే ఆసామి ప్రతి పోటీలో ఉంటాడు. ఆటగాడు ఓడితే ఆ డబ్బు రాదు. ఫోను ఎత్తడు, లేదా ‘సరదాకి అన్నాను’ అంటాడు. గెలిస్తే బహుమతి చేతికి రాకముందే హాజరు. బయానా లేకుండా బేరం ఖాయం చేసుకుని, ధర పెరిగితే సరుకు ఎత్తి, తగ్గితే మాయమయ్యే వ్యాపారి చేసేది ఇదే. ఉచితంగా తేజీ కొనుక్కోవడం. ఓడిన తరువాత ‘ఆ ముక్క ఎందుకు ఆడావు’ అని నిలదీసేవాడు ఇంకొక రకం. ధర కట్టినప్పుడు ఆటగాని నిర్ణయాలకు కూడా కలిపే ధర కట్టాడన్న సంగతి మరచిపోతాడు.

అనుభవం ఉన్న ఆటగాళ్లు ఇందుకు ఒకే నియమం పాటిస్తున్నారు. మొదటి ముక్క పంచే వేళకు డబ్బు చేరకపోతే వాటా లేదు. తమ్ముడికైనా, చిరకాల స్నేహితునికైనా అంతే. ఆ వాటా తిరిగి ఆటగాని ఖాతాలోకి వెళుతుంది, ఆ సంగతి ఆట మొదలయ్యే లోపల ఇద్దరికీ రాతపూర్వకంగా తెలుస్తుంది.